వీనులవిందుకు ఎన్ని పేర్లు

ధ్వనిలోని ఇంపును చెప్పడానికి ఆంగ్లంలో వాడే విశేషణాలు తెలుగు విద్యార్థి చేతికి వచ్చేసరికి తమలో తమకున్న తేడాలను పోగొట్టుకుంటాయన్నది భాషాబోధనలో పాత ఫిర్యాదే. మెలోడియస్, మెల్లిఫ్లుయస్, డల్సెట్, యుఫోనియస్, సోనరస్, హార్మోనియస్ అన్న ఆరు మాటలకూ ‘శ్రావ్యమైన’ అనో ‘మధురమైన’ అనో ఒకే అర్థం రాసుకుని పరీక్ష గట్టెక్కే పిల్లవానికి, వాటిలో ఏది కోకిలకు తగునో, ఏది గుడిగంటకు తగునో, ఏది అక్షరాల పొందికకు తగునో తెలియదు. ఇది తెలుగు భాషలోని లోటా, బోధనలోని లోటా, లేక రెండు భాషలు ధ్వనిని వినే తీరులోనే ఉన్న భేదమా అన్న ప్రశ్నను గుంటూరు, ప్రకాశం మైదానానికి చెందిన ఇద్దరు వాదుల ముఖంగా పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం. ఒకరు నరసరావుపేటలో ఆంగ్లం బోధించే ఉపన్యాసకురాలు. మరొకరు ఆమెకు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి, ఉద్యోగ విరమణ చేసిన పండితుడు. వారి చుట్టూ ఉన్నది పత్తి, మిరప పండే నల్లరేగడి నేల. వాదంలోకి సాక్ష్యాలుగా వచ్చేవి చాలావరకు ఆ నేల మీది చప్పుళ్ళే.

ఉపన్యాసకురాలు: మాస్టారూ, ఈ ఆరు మాటలనూ వాటి పుట్టుకతో సహా పక్కపక్కన పెడితే వాటి మధ్య దూరం తెలుస్తుంది. మెలోడియస్‌కు మూలం గ్రీకులో పాట అనే అర్థమున్న మెలోస్. స్వరాలు ఒకదాని వెంట ఒకటి నడిచే వరుస బాగుంటే ఆ మాట వాడతారు. మెల్లిఫ్లుయస్ లాటిన్‌లో తేనె అనే మాటకు పారడమనే క్రియ చేరి పుట్టింది. ఎక్కడా తెగకుండా సాగే గొంతుకూ వాక్కుకూ అది తగినది. రెండింటి మొదటా ‘మెల్’ వినిపిస్తున్నది గనుక రెండూ తేనె నుంచే వచ్చాయని పిల్లలు పొరబడతారు గాని వాటికి చుట్టరికం లేదు. డల్సెట్ లాటిన్‌లోని తీపి ఫ్రెంచి మీదుగా వచ్చి మెత్తని ధ్వనికి పరిమితమైన మాట. యుఫోనియస్ పాటకన్న మాటకు, అంటే అక్షరాలు కలిసి పలికే సుఖానికి ఎక్కువగా చెల్లుతుంది. సోనరస్ అంటే నిండుగా, లోతుగా మోగేది. హార్మోనియస్‌కు మూలమైన గ్రీకు మాటకు అతుకు, కూర్పు అని అర్థం. వడ్రంగి రెండు కొయ్యలను ఒకదానిలో ఒకటి బిగించినట్టు వేర్వేరు ధ్వనులు అమరడమే దాని భావం. ఇన్ని భేదాలున్న చోట తెలుగు ‘శ్రావ్యం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నదంటే, ఆ మాటకైనా ‘వినదగినది’ అన్నదానికి మించి అర్థం లేదంటే, లోటు ఎక్కడున్నట్టు?

పండితుడు: అమ్మా, ఆ మాటలను విప్పి చూపినదానివి నువ్వే గనుక, వాటి లోపల ఏమున్నదో కూడా నువ్వే చూడు. ఒకదానిలో తేనె ఉంది, ఒకదానిలో తీపి ఉంది. రెండూ నాలుక దగ్గర అరువు తెచ్చుకున్నవే. మన భాషా ఆ పనే చేసింది. మధురంలో ఉన్నది మధువు, తీయని గొంతులో ఉన్నది తీపి, వీనులవిందు అంటే చెవులకు పెట్టిన భోజనం. తెలుగు ఇంకొక అడుగు వేసి ముక్కునూ పిలిచింది. కమ్మని నెయ్యి, కమ్మని మజ్జిగ అన్నప్పుడు వాసనతో కూడిన రుచిని చెప్పే మాటనే కమ్మని గొంతు అన్నప్పుడు చెవికి ఇచ్చింది. వినడంలోని సుఖానికి నేరుగా పేరు దొరకక పక్క ఇంద్రియాల దగ్గరికి వెళ్ళడం ఏ భాషకైనా తప్పలేదు. భేదాలు చెప్పిన శాస్త్రం కావాలంటే అదీ ఉంది. భరతుని నాట్యశాస్త్రం కంఠానికి ఆరు గుణాలు చెప్పింది. దూరానికి వినిపించేది శ్రావకం, బలంగా ఉండి చెదరనిది ఘనం, బిగ్గరగా పలికినా గరుకు కానిది స్నిగ్ధం, పై స్థాయిలోనూ ఇంపు తప్పనిది మధురం. ఎక్కువా తక్కువా కాకుండా మోతాదులో ఉండడం, మంద్ర మధ్య తారలనే మూడు స్థాయిల్లోనూ శోభించడం మిగిలిన రెండు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఆ గుణాలను పదిహేనుకు పెంచి, దోషాలను కూడా ఎనిమిదిగా లెక్కపెట్టాడు; కాకి గొంతులాంటి కరుకుదనానికి కాకోలి అని పేరే పెట్టాడు. కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేముడు సంగీతచింతామణి అనే గ్రంథం రాశాడు. ఆ కొండ మన కిటికీలోంచి కనిపించేంత దగ్గర.

ఉపన్యాసకురాలు: అవి సంస్కృతం మాటలు, మాస్టారూ. కొండవీటి కింద పత్తి తీసే కూలీ ఏనాడూ ఎవరి గొంతునూ స్నిగ్ధమనలేదు. శాస్త్రంలో ఉన్న మాట వేరు, నోట్లో ఉన్న మాట వేరు.

పండితుడు: మెల్లిఫ్లుయస్ అన్న మాటను ఇంగ్లండులో పాలు పితికే మనిషి అన్నదా? అదీ పండితుల లాటినే గదా. నీ ఆరు మాటల్లో ఒక్కటీ ఇంగ్లిష్ నేలలో పుట్టినది కాదు.

ఇక్కడికి ఇద్దరి లెక్కా సమానమైంది. రెండు భాషలూ ధ్వనిని మెచ్చుకునే పెద్ద మాటలను పెద్ద భాషల దగ్గర తెచ్చుకున్నాయి. ఒకటి గ్రీకు, లాటిన్‌ల నుంచి, ఒకటి సంస్కృతం నుంచి. అరువు మాటలను ఎంత లెక్కపెట్టినా భాష సొంత చెవి ఎటువంటిదో తేలదు. వాదం ముందుకు సాగింది యుఫోనియస్ అన్న మాట దగ్గర.

ఉపన్యాసకురాలు: అర్థాన్ని పక్కన పెట్టి కేవలం పలుకులోని అందాన్ని వినడం ఆంగ్లంలో ఒక అభిరుచిగా పెరిగింది. 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఒక ప్రసంగంలో టోల్కిన్ ‘సెల్లార్ డోర్’ అన్న మాటను ఉదాహరణగా చూపాడు. ఇంటి కింది కొట్టు తలుపు అని తప్ప దానికి వేరే అర్థం లేదు. అయినా అర్థాన్నీ వర్ణక్రమాన్నీ మరిచి వింటే అందమైన మాటని చాలామంది ఒప్పుకుంటారని అతని అభిప్రాయం. అటువంటి వినికిడికి పేరు యుఫొనీ. మన భాషను ప్రాచ్య దేశపు ఇటాలియన్ అని పరాయివారు మెచ్చుకున్నదీ ఈ గుణానికే. మాటలు చాలావరకు అచ్చులతో ముగిసే అజంత భాష కావడం వారి చెవికి నచ్చింది. ఆ మెప్పును పదేపదే చెప్పుకునే మనం ఆ గుణానికి సొంత మాట పెట్టుకోలేదు.

పండితుడు: ఇదొక్కటి ఒప్పుకోవడానికి వీలులేదమ్మా. తెలుగు వ్యాకరణం మొదటి పాఠంలోనే ఆ తీర్పు ఉంది. క చ ట త ప లను పరుషాలన్నారు, గ జ డ ద బ లను సరళాలన్నారు. పరుషమంటే కఠినం, సరళమంటే మెత్తన. అక్షరాలకు పేరు పెట్టేటప్పుడే చెవికి ఏది గట్టిగా తగిలిందో, ఏది మెత్తగా తగిలిందో చెప్పిన వ్యాకరణమిది. అంతటితో ఆగక, ద్రుతమనే నకారం తరువాత పరుషం వస్తే దాన్ని సరళం చేయమన్నది. పూచెన్ పక్కన కలువలు వస్తే పూచెఁ గలువలు అవుతుంది. అర్థంలో మార్పేమీ లేదు. పలుకు నునుపెక్కడం కోసమే ఆ మార్పు. పరాయివాడు ఇటాలియన్‌తో పోల్చకపోయినా ఈ చెవి మనకుంది. బళ్ళో సంధి సూత్రంగా బట్టీ పట్టించి, అది వినికిడికి సంబంధించిన సంగతని చెప్పకపోవడం మాత్రం మా పంతుళ్ళ తప్పే.

ఉపన్యాసకురాలు ఈ మాటను కాదనలేదు. వ్యాకరణ పరిభాషలో దాగిన ఆ తీర్పును పిల్లలకు చూపకపోవడం వల్లనే యుఫొనీ అన్నది వారికి పరాయి భావనగా తోస్తున్నదని ఆమె అంగీకరించింది. అయితే పేరు పెట్టడానికీ వర్ణించడానికీ తేడా ఉందని, రైతు, కూలీ, గృహిణి నిత్యం వాడే మాటల్లో ధ్వని సుఖాన్ని చెప్పేవి ఏమున్నాయో చూపమని ఆమె పట్టుబట్టినప్పుడు పండితుడు కల్లం దగ్గరికి వెళ్ళాడు.

పండితుడు: మాఘ ఫాల్గుణాల్లో ఈ ఊళ్ళ బయట ఎర్రగా పరచుకునే మిరప కల్లాలను నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నావు. కోసిన పండు మిరపకాయ చెమ్మతో బరువుగా, మెత్తగా ఉంటుంది; గుప్పిట్లో పట్టి ఊపితే ఏమీ వినిపించదు. ఎండలో రోజుల తరబడి తిరగేస్తూ ఉంటే తోలు గట్టిపడి, లోపలి గింజ ఈనె నుంచి విడిపోతుంది. అప్పుడు రైతు కల్లం మధ్య నుంచి నాలుగు కాయలు తీసి చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు. గలగలమంటే ఎండినట్టు, అనకపోతే ఇంకా ఎండాలి. చెమ్మతో టిక్కీల్లోకి, అంటే గోనె సంచుల్లోకి, ఎక్కితే బూజు పడుతుంది, గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. ఏడాది పెట్టుబడి ఆ గలగలలో ఉంది. ఆ రైతు చెవికి దానికన్న వీనులవిందు ఏముంటుంది?

ఉపన్యాసకురాలు: అది పరీక్ష, మాస్టారూ, ఇంపు కాదు. వైద్యుడు గుండె చప్పుడు విని బాగుందన్నంత మాత్రాన గుండె పాట పాడినట్టు కాదు. గలగల అన్నది ధ్వనిని అనుకరించే మాట. అది మంచి చెడ్డలు చెప్పదు.

పండితుడు: చెప్పదు, కాని విన్నవాడికి తెలుస్తుంది. ఏరు గలగల పారింది, గాజులు గలగలలాడాయి, మిరపకాయ గలగలమంది అన్నప్పుడు మాట ఒక్కటే. ఏదో అనేకంగా, తేలికగా, అడ్డు లేకుండా కదులుతున్నదన్న భావం ఒక్కటే. నీళ్ళు పారుతున్నాయి, ఇల్లాలు తిరుగుతున్నది, పంట ఎండింది. తెలుగువాడు ఆ మాటను ఇష్టపడేది అందుకే.

ఈ వాదంలో ఉపన్యాసకురాలి ఆక్షేపణ బలమైనది. పండితుని జవాబు అంతకన్న లోతైనది. ధ్వన్యనుకరణ పదాలు, అంటే చప్పుడునే మాటగా మార్చుకున్న జంటపదాలు, తెలుగులో విశేషణాల పని చేస్తాయి గాని విశేషణాల వలె తీర్పు చెప్పవు. మెల్లిఫ్లుయస్ అన్న మాట విన్నవాని సంతోషాన్ని చెబుతుంది గాని ఏమి మోగిందో చెప్పదు. అది గొంతు కావచ్చు, వేణువు కావచ్చు, వచనం కావచ్చు. ఘల్లుఘల్లు అన్న మాట ఏమి మోగిందో, ఎలా మోగిందో చెప్పి, సంతోషాన్ని విన్నవానికి వదిలేస్తుంది. మొదటిది న్యాయమూర్తి పలుకైతే రెండవది సాక్షి పలుకు. ఆంగ్లంలో సాక్షులు లేకపోలేదు. టింకిల్, జింగిల్, చైమ్ అన్నవి చిన్న లోహపు ముక్కకూ, చిన్న ముక్కల గుత్తికీ, వరుస గంటలకూ విడివిడిగా చెల్లే మాటలని ఉపన్యాసకురాలు గుర్తుచేసింది. తెలుగు పిల్లవానికి మెల్లిఫ్లుయస్‌ కన్న ముందు ఆ మూడూ చెబితే సులువుగా పట్టుకుంటాడని పండితుడు అన్నాడు. అవి అతని సొంత మాటల జాతికి చెందినవి.

లోహపు ధ్వనుల విషయంలో ఈ మైదానం మాటలు ఎంత తేడాగా ఉండేవో కొంచెం నిలిచి చూడవలసింది. మువ్వ మూసిన గుండ్రని చిన్న బుర్ర. లోపల పలుకు కదిలితే సన్నగా మోగుతుంది. గజ్జె అదే జాతిదై, తోలుకో తాడుకో గుత్తిగా కుట్టి నర్తకి కాలికీ ఎద్దు మెడకూ కట్టేది. గంటకు నోరు తెరిచి ఉంటుంది, నాలుక వేలాడుతుంది. అందుకే అది గణగణమంటుంది గాని ఘల్లుమనదు. కంచు పళ్ళెం కింద పడితే ఖంగుమంటుంది. ఆ మోతనే మనిషికి అంటగట్టి కంచుకంఠం అంటారు. సోనరస్ అన్న మాటకు ఇంతకన్న సరైన తెలుగు వెతకనక్కరలేదు. ఒంగోలు గిత్తల మెడలో మువ్వల పట్టెడ కట్టి బండి తోలిన కాలంలో చీకట్లో వచ్చే బండి ఎవరిదో ఇంట్లో వాళ్ళు ఆ మోతను బట్టి చెప్పగలిగేవారు. కృష్ణకు ఆవల ఉన్న ఒక ఊరికి మువ్వ అనే పేరే ఉంది. 17వ శతాబ్దపు పదకర్త క్షేత్రయ్య ఆ ఊరి గోపాలుని పేరునే తన పదాలకు ముద్రగా వేసుకున్నాడు. ఇప్పుడు పొలానికి ట్రాక్టరు వెళుతున్నది. గిత్తలు బండలాగుడు పందేల్లో కనిపిస్తున్నాయి. ఎద్దు పట్టెడ చూడని పిల్లవానికి మువ్వకూ గజ్జెకూ తేడా అడిగితే రెండూ ఒకటే అంటాడు. వస్తువు పోయిన చోట దాని ధ్వని పేరు నిఘంటువులోకి వెళ్ళిపోతుంది.

పండితుడు: విశేషణం పనికిరాని చోటు ఇంకొకటి చెబుతాను వినమ్మా. సన్నాయిని ఏ మాటతో వర్ణిస్తావు?

ఉపన్యాసకురాలు: దగ్గర నిలబడి వింటే ఆంగ్లంలో ష్రిల్ అంటారు, అంటే చెవిలో గుచ్చుకునే సన్నని గట్టి ధ్వని. నిందగా వాడే మాట. పెళ్ళి పందిట్లో మేళం పక్కన కూర్చున్నవారు ఆ మాట తప్పని అనలేరు.

పండితుడు: అదే సన్నాయిని తెల్లవారుజామున అరమైలు దూరంలోని గుడి నుంచి విను. దాన్ని ష్రిల్ అనగలవా? వాద్యం అదే, ఊపిరి అదే, మారింది దూరం. భరతుడు శ్రావకమన్న మాట పెట్టింది ఇందుకే. ఆరుబయట మోగడానికి పుట్టిన వాద్యాన్ని గదిలో కూర్చుని తూచడం సరికాదు.

సన్నాయి ప్రస్తావన ఈ నేలకు కేవలం ఉదాహరణ కాదు. నాదస్వరమని శాస్త్రీయంగా పిలిచే ఆ వాద్యానికి చిలకలూరిపేట ఒక పెద్ద పీఠం. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, ఆ తరువాత తంజావూరు బాణీని పట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీనీ 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదునూ పొందాడు, 1999లో మరణించాడు. ప్రకాశం జిల్లా కాకర్లను పూర్వికుల ఊరుగా చెప్పుకునే త్యాగరాజు వంశం కావేరి ఒడ్డుకు చేరినట్టే ఈ మైదానపు ఊపిరి మరొకసారి దక్షిణానికి నడిచింది. రామాలయం ముందు తరతరాలుగా మేళం వాయించినవారిలో ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉండడం, వారిలో దూదేకే వృత్తి వల్ల దూదేకుల అన్న పేరు వచ్చిన నూర్‌బాషా కుటుంబాలు కూడా ఉండడం ఇక్కడివారికి కొత్త సంగతి కాదు. దూదేకే విల్లుకు బిగించిన నారిని కొయ్యతో కొడితే అది జుమ్మని మోగుతూ పత్తిని విడదీస్తుంది. ఆంగ్లంలో స్వరగుణానికి వాడే టోన్ అన్న మాటకు గ్రీకు మూలార్థం బిగువు, బిగించిన తీగ. పత్తి ఏకే ఇంట ఆ బిగువును చెవి రోజంతా వినేది.

సన్నాయి వాద్యానికి చివర వేలాడే దారాలను గమనిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. వాటికి అదనపు పీకలు, వాటి నోటిని సరిచేసే సన్నని పుల్ల కట్టి ఉంటాయి. పీక అంటే రెల్లు జాతి గడ్డితో చేసిన రెండు పొరల నోటి ముక్క. అది తడిసి మెత్తబడే తీరును బట్టి, పెదవి నొక్కే నొక్కును బట్టి స్వరం ఎక్కుతుంది, దిగుతుంది. మాటల్లో సూటిగా అనకుండా ఎత్తిపొడవడాన్ని సన్నాయి నొక్కులు అంటారు. వాయించేవాని పెదవి చేసే అతి సూక్ష్మమైన పనిని గమనించిన జనం దానిని మాట తీరుకు పెట్టిన పేరది. అటువంటి చెవి గల జనానికి ధ్వని భేదాలు తెలియవనడం కష్టం.

ఉపన్యాసకురాలు: రేపల్లె దగ్గర పల్లపట్లలో 1938లో పుట్టిన గాయని ఎస్. జానకి పేరు పక్కన ఆంగ్ల పత్రికలు మెల్లిఫ్లుయస్ అన్న మాట రాయడం పరిపాటి. ఆ మాట ఆమెకు తగదా?

పండితుడు: తగుతుంది, కాని చాలదు. 1962లో వచ్చిన మురిపించే మువ్వలు సినిమాలో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరానికి ఎదురు నిలిచి ఆమె పాడిన పాట విన్నవారెవరూ తేనె గురించి ఆలోచించరు. కొయ్యగొట్టంలో పుట్టిన గమకాన్ని, అంటే ఒక స్వరం పక్క స్వరాన్ని తాకి ఊగే ఊపును, మనిషి గొంతు అదే వేగంతో, అదే కొసతో పట్టుకోవడం అందులోని అద్భుతం. తేనె పారడమంటే మెల్లగా జారడం. అక్కడున్నది జారడం కాదు, తూచి వేసిన అడుగు.

ఉపన్యాసకురాలు ఈసారి ఎదురుదాడికి దిగింది. పండితుడు ఆంగ్ల పదాలను పరాయివిగా నిలబెడుతున్నాడనీ, కాని ఈ మైదానం వాటిని ఎన్నడో తన పనికి వంచుకున్నదనీ ఆమె వాదం. ఆమె చూపిన మొదటి సాక్ష్యం పద్యనాటకం. బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రీయం ఆడే రాత్రి, కాటి సీనులో నటుడు పద్యం ఎత్తి, చివరి పాదం మీద రాగం సాగదీసి నిలిపితే తెనాలి చుట్టుపక్కల ప్రేక్షకుడు మధురమనడు, శ్రావ్యమనడు; వన్స్‌మోర్ అని కేకవేస్తాడు. అది ఇంగ్లిష్ మాటే. కాని ఇంగ్లండులో దానికి ఇంకొకసారి అని మాత్రమే అర్థం. ఇక్కడ అది పూర్తి విమర్శ, సత్కారం, ఆజ్ఞ. నటుడు చచ్చిపడి ఉన్న పాత్రలో ఉన్నా లేచి పద్యం మళ్ళీ అందుకోవలసిందే. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో 1901లో పుట్టిన కల్యాణం రఘురామయ్య నోట్లో వేలు పెట్టుకుని ఈలతో రాగం పలికించి ఈలపాట రఘురామయ్య అయ్యాడు. ఈల అన్నది పశువుల కాపరి పిలుపైన చోట దానికి పాట చేర్చి కొత్త పేరు కట్టింది జనమే.

ఉపన్యాసకురాలు: హార్మోనియం సంగతి చూడండి మాస్టారూ. దాని పేరులో ఉన్నది హార్మొనీ, అంటే ఒకేసారి పలికే వేర్వేరు స్వరాల అమరిక. మన నాటకాల పెట్టె చేసే పని అది కాదు. గొంతుకు శ్రుతి ఇచ్చి, దాని వెంట ఒకే వరుసగా నడవడం. గమకం పలకదన్న కారణంతో 1940లో రేడియోవారు దాన్ని దూరం పెట్టి 1971 దాకా తలుపు తీయలేదు. అయినా మన హార్మోనిస్టు బెల్లోసు నొక్కుతోనే పద్యాన్ని మోశాడు. మెలొడీ అన్న మాటా అంతే. ఆంగ్లంలో ఏ పాటకైనా ఉండే స్వరాల వరుస అది. మనవాడు మెలొడీ పాట అంటే నెమ్మదిగా, మెత్తగా సాగే పాట, ఊపుపాట కానిది. పరాయి మాటను తెచ్చుకుని తనకు మాట లేని గడిలో పెట్టుకున్నాడు. ఆ గడి ఖాళీగా ఉందనేదే మొదటి నుంచి ఇక్కడి వాదం.

పండితుడు ఈ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. చెప్పవలసిన జవాబు లేదు కూడా. ఆయన దానికి బదులు ఈ నేల మీది మరొక పాత ధ్వనిని ముందుకు తెచ్చాడు. క్రీ.శ. 848 నాటి సేనాధిపతి పండరంగని అద్దంకి శాసనంలో ఉన్న తరువోజ పద్యం తెలుగులో ఇప్పటికి దొరికిన తొలి ఛందోబద్ధ రచనల్లో ముఖ్యమైనది. తరువోజలో ఒక్కొక్క పాదం రెండు ద్విపద పాదాల కొలత. దానిని రోకటిపాటతో ముడిపెట్టిన ఛందోవేత్తలున్నారు. రోలు చుట్టూ నిలబడి ఒకరి తరువాత ఒకరు రోకలి వేసే ఆడవాళ్ళ లయ సేనాధిపతి శాసనం దాకా ఎక్కిందన్నమాట. కారం దంచే రోలు ఈ మైదానంలో మొన్నమొన్నటి వరకు ఆ లయతోనే మోగింది.

ఉపన్యాసకురాలు: ఆ దంపుడుకు మన భాష ఇచ్చిన గౌరవం ఏమిటి మాస్టారూ? సారం లేని మాటను ఊకదంపుడు అంటాం. అందె మోగితే రవళి అన్నాం, వేణువు మోగితే నాదమన్నాం. డప్పు మోగితే మోత అన్నాం, రోకలి పడితే చప్పుడన్నాం. ఆంగ్లంలో మ్యూజిక్‌కూ నాయిస్‌కూ మధ్య గీసిన గీత మన మాటల్లోనూ ఉంది. ఆ గీత చెవిని బట్టి కాదు, వాయించిన చేతిని బట్టి పడింది. మీ సాక్షి మాటలు కూడా అందరి తరఫునా సాక్ష్యం చెప్పలేదు.

పండితుడు: ఇది నిజం. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా ఈ సంగతి మనందరికన్న ముందే చూశాడు. లోకం ఆయనను కవికోకిల అన్నది. ఆ కోకిల తన సందేశం మోయడానికి హంసను పిలవలేదు, చిలుకను పిలవలేదు. 1941లో తన కావ్యంలో గబ్బిలాన్ని పిలిచింది. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి బాధను శివుని చెవిలో వేయడానికి గుడి చీకట్లో వేలాడే ప్రాణి కావలసి వచ్చింది. ఏ కావ్యమూ దాని గొంతును మెచ్చలేదు.

ఉపన్యాసకురాలు: గుళ్ళలో ఉండే చిన్న గబ్బిలాలు దారి వెతుక్కోవడానికి చేసే ధ్వని సెకనుకు 20,000 కంపనాలను మించి ఉంటుంది, మనిషి చెవి అంతవరకు అందుకోలేదు. దానికి గొంతు లేదని మనం అనుకున్నాం, అంతే.

ఇద్దరూ ఈ చోటికి వచ్చాక మొదటి ప్రశ్న రూపం మారింది. ఆంగ్లంలో ఆరు మాటలున్నాయి, తెలుగులో ఎన్ని అన్న లెక్క వదిలి, ఏ మాటను ఏ ధ్వని పక్కన పెట్టి చెప్పాలన్న పని మొదలైంది. కంచుకంఠం దగ్గర సోనరస్‌ను, సరళాదేశ సంధి దగ్గర యుఫొనీని, మేళంలో డోలూ సన్నాయీ శ్రుతిపెట్టే కలిసే చోట హార్మొనీ మూలార్థమైన అతుకును చెప్పవచ్చని ఇద్దరూ ఒప్పుకున్నారు. మెల్లిఫ్లుయస్ దగ్గర మాత్రం పేచీ తీరలేదు. అది గొంతుకు చాలునని ఆమె, గమకం తెలిసిన గొంతుకు చాలదని ఆయన అలాగే నిలిచారు. డప్పు మోతకు, రోకటి లయకు మెప్పు మాటలు ఏవీ నిఘంటువుల్లో దొరకలేదు. డప్పు కొట్టేవారినీ, దంచినవారినీ అడిగితేనే దొరుకుతాయి.

ఆ అడగడం ఇంకా సాధ్యమే. చిలకలూరిపేట, నరసరావుపేట, చీరాల, ఒంగోలు పరిసరాల ఊళ్ళలో మేళం ఊదినవారు, డప్పు కట్టినవారు, నాటక సమాజాలకు హార్మోనియం వాయించినవారు, ఎద్దుల పట్టెడలు కుట్టినవారు, రోకలి వేసిన అవ్వలు ఇప్పటికీ ఉన్నారు. మంచి డప్పును ఏమంటారో, చెడిన పీకను ఏమంటారో, మువ్వ పగిలితే ఆ మోతను ఏమంటారో వారి నోటి నుంచి విని, తేదీతో, ఊరి పేరుతో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టవలసిందని ఈ ప్రాంతపు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మనవి.